పానకంలో పుడక... గ్లాసులో గింజ!

శ్రీరామనవమి నాడు పానకం చేయని తెలుగు ఇల్లు తక్కువే. బెల్లం కరిగించి, మిరియాల పొడి, యాలకుల పొడి వేసి, చివర్లో పల్చటి గుడ్డలో వడగడతారు. ఆ చివరి పని మరిచిపోతే ఏమవుతుందో మన పెద్దలు ఎప్పుడో చెప్పేశారు... ‘పానకంలో పుడక’ అని! ఎంత తియ్యగా కుదిరినా, గుటక వేసే వేళకు గొంతులో పుల్ల అడ్డం పడితే అంతా వృథా. బెల్లం బాగుంటే చాలదు, మిరియం ఘాటుంటే చాలదు. తాగేవాడి దాకా ఏది వెళ్లాలో, ఏది వెళ్లకూడదో తేల్చే చెయ్యి కూడా ఉండాలి.

ఆ చెయ్యి చేసే పనికి ప్రపంచంలోని ప్రతి పెద్ద హోటల్ బార్‌లోనూ ఓ పనిముట్టు ఉంటుంది. పేరు స్ట్రెయినర్. సినిమాల్లో బార్‌ టెండర్ స్టీలు డబ్బాను భుజం మీదికెత్తి గిలక్కొడుతుంటే అందరూ ఆ డబ్బానే చూస్తారు. ఆ తర్వాత దాని మూతికి అడ్డంపెట్టి గ్లాసులోకి ఒంపే చిల్లుల రేకును ఎవరూ పట్టించుకోరు. అరచేతిలో ఇమిడిపోయే ఆ రేకు వెనక మాత్రం నాలుగు శతాబ్దాల కథ ఉంది. అందులో మొదటి పేజీ మన నిజాంపట్నంలో తెరుచుకుంటుందంటే నమ్ముతారా?

పేటపోలికి వచ్చిన ఉత్తరం

బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం ఇప్పుడు చేపల రేవు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని ‘పేటపోలి’ అనేవారు. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఈ తీరానికి వచ్చాక పేటపోలిలోనూ, మచిలీపట్నంలోనూ ఇంగ్లిష్ వర్తకులు కొట్లు పెట్టుకున్నారు. 1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పేటపోలిలో ఉన్న థామస్ కోలీకి ఓ ఉత్తరం రాశాడు. అందులో మాటవరసకు ‘పంచ్’ తాగడం గురించి ప్రస్తావించాడు. ఇంగ్లిష్‌లో ఆ పానీయం పేరు కనిపించే రాతల్లో ఇదే మొట్టమొదటిదని చెబుతారు.

పంచ్ అంటే? మన ‘పంచ’మే అంటారు చాలామంది. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, జాజికాయలాంటి మసాలా... మొత్తం అయిదు. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న బీరు, వైను ఈ ఎండలకు పాడైపోతుంటే, ఇక్కడ దొరికే సరుకుతోనే తెల్లదొరలు కలుపుకున్న పానీయమది. ఓడలతోపాటు అది లండన్ చేరింది. అక్కడ పింగాణీ గిన్నెల్లోకి, కులీనుల విందుల్లోకి ఎక్కింది.

అక్కడే ఓ చిక్కొచ్చి పడింది. నిమ్మకాయలు పిండితే రసంతోపాటు గింజలూ పడతాయి కదా! పట్టుబట్టలు కట్టుకుని విందుకొచ్చిన అతిథి నోట్లో చేదు గింజ పడితే ఏం మర్యాద? అందుకే 18వ శతాబ్దపు ఇంగ్లండులో కంసాలులు వెండితో చిన్న చిన్న జల్లెడలు చేశారు. లోతు తక్కువ, అటూ ఇటూ పొడవాటి పిడులు. ఆ పిడుల ఆసరాతో జల్లెడ గిన్నె అంచుల మీద నిలబడుతుంది. అందులో నిమ్మకాయ పిండితే రసం కిందికి, గింజ పైన. చిల్లుల్ని కూడా పువ్వుల్లా, ముగ్గుల్లా తీర్చేవారు. అవిప్పుడు మ్యూజియాల్లో అద్దాల వెనక మెరుస్తున్నాయి. కలిపిన పానీయాన్ని వడగట్టడానికంటూ ప్రత్యేకంగా తయారైన తొలితరం పనిముట్లలో అవి ముఖ్యమైనవి.

మంచు గడ్డల ఓడలు

తర్వాతి మలుపు అమెరికాలో. కారణం... మంచు.

బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్‌కు ఓ పిచ్చి ఆలోచన వచ్చింది. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టే మంచును కోసి, రంపపు పొట్టులో కప్పి, వేడి దేశాలకు అమ్మితే? 1806లో మొదటి ఓడ కరీబియన్ దీవుల్లోని మార్టినీక్‌కు వెళ్లింది. అంతా నవ్వారు. ట్యూడర్ అప్పుల పాలయ్యాడు, జైలుకూ వెళ్లొచ్చాడు. అయినా వదల్లేదు. 1833లో ‘టస్కనీ’ అనే ఓడలో 180 టన్నుల మంచును కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా దాదాపు వంద టన్నులు కరగకుండా చేరింది! 1842లో మద్రాసు సముద్రతీరాన మంచు నిల్వ చేయడానికి ఏకంగా ఓ భవనమే కట్టించాడు. తెలుగువాళ్లకు కూడా మద్రాసే రాజధానిగా ఉన్న రోజుల్లో ఆ ‘ఐస్ హౌస్’ పేరు వినని వాళ్లుండేవారు కాదు. యంత్రాలతో మంచు తయారీ మొదలయ్యాక ఆ వ్యాపారం మూతపడింది. 1897లో స్వామి వివేకానంద బస చేసింది ఆ భవనంలోనే. ఇప్పుడది వివేకానంద హౌస్!

అమెరికాలో అయితే మంచు గడ్డ ధనవంతుల ఇళ్ల నుంచి సామాన్యుల సారా దుకాణాల దాకా దిగింది. గ్లాసులో మంచు పొడి, దాని మీద పుదీనా రెమ్మ, చక్కెర, మద్యం... ఇదే మింట్ జ్యూలెప్. కెంటకీ డెర్బీ గుర్రప్పందేలకు 1938 నుంచీ అధికారిక పానీయం. ఆ పేరు కూడా మనకు దూరపు చుట్టమే. పన్నీరుకు పారశీకంలో ‘గులాబ్’ అనేవారు. అది అరబ్బీలోకి వెళ్లి ‘జులాబ్’ అయింది. అక్కణ్నుంచి యూరప్ వైద్యుల చేతుల్లో మందు కలిపే తియ్యటి పాకంగా మారి, చివరికి అమెరికా చేరి ‘జ్యూలెప్’ అయింది. మన గులాబ్ జామూన్‌లోని గులాబ్ కూడా ఆ ఇంటిదే.

మీసాలకు కాపలా

ఈ జ్యూలెప్ తాగడం అంత తేలికేం కాదు. గ్లాసు ఎత్తగానే మంచు పొడి జారి పళ్లకు తగులుతుంది. పన్ను పుచ్చినవాడికి ప్రాణం పోయినంత పని. ఆ కాలపు గుబురు మీసాలవాళ్లకు పుదీనా ఆకులు మీసాల్లో చిక్కుకునేవి. దానికి విరుగుడే జ్యూలెప్ స్ట్రెయినర్. చూడ్డానికి అచ్చం మన వంటింట్లో బూందీ దూసే చిల్లుల గరిటె పిల్లలా ఉంటుంది. దాన్ని గ్లాసులోనే ఉంచి అందించేవారు. తాగేవాడు దాన్ని పెదవులకు ఆనించుకుని, చిల్లుల్లోంచి వచ్చే పానీయాన్ని చప్పరించేవాడు. అంటే ఈ పనిముట్టు మొదట బార్ టెండర్‌ది కాదు, గిరాకీది!

తర్వాత స్ట్రాలు వచ్చాయి. అప్పట్లో వాడే రై గడ్డి పుల్లలు తడికి నాని, పానీయానికి గడ్డివాసన పట్టించేవి. 1888లో వాషింగ్టన్‌కు చెందిన మార్విన్ స్టోన్ కాగితపు స్ట్రాకు పేటెంటు తీసుకున్నాడు. గ్లాసులో గరిటె అవసరం తగ్గిపోయింది. అలా అది కౌంటరుకు ఆవలివైపు, బార్ టెండర్ చేతిలోకి మారింది. పెద్ద గ్లాసులో మంచుతో కలిపిన పానీయాన్ని మంచు పడకుండా చిన్న గ్లాసులోకి ఒంపడానికి అది చక్కగా పనికొచ్చింది. ఇప్పటికీ గరిటెతో నిదానంగా కలిపే పానీయాలకు చాలామంది దాన్నే వాడతారు.

జ్యూలెప్ పేరెత్తితే తలుచుకోవాల్సిన మనిషి ఒకరున్నారు. వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరంలో జాన్ డాబ్నీ అనే నల్లజాతి బానిస జ్యూలెప్‌లు కలపడంలో పేరుమోశాడు. అతని చేతి జ్యూలెప్ కోసం పెద్ద పెద్దవాళ్లు వచ్చేవారు. అతని శ్రమ మీద హక్కు మాత్రం యజమానిదే. ఆ యజమానికి చెల్లించగా మిగిలిన డబ్బు కూడబెట్టి డాబ్నీ మొదట తన భార్య స్వేచ్ఛను కొన్నాడు. తర్వాత తన స్వేచ్ఛ కోసం వాయిదాలు కట్టడం మొదలుపెట్టాడు. అవి తీరకముందే అంతర్యుద్ధం ముగిసింది, 1865లో బానిసత్వమే రద్దయింది. ఇక చిల్లిగవ్వ కట్టక్కర్లేదు. అయినా ఇచ్చిన మాట కోసం మిగతా బాకీ కూడా తీర్చేశాడు డాబ్నీ. చల్లటి గ్లాసు వెనక అంత వేడి కన్నీళ్లున్నాయని తాగినవాళ్లలో ఎందరికి తెలుసు?

రేకు చుట్టూ స్ప్రింగు

మంచుతో, నిమ్మరసంతో డబ్బాలో గిలక్కొట్టే పానీయాలు పెరిగేకొద్దీ జ్యూలెప్ గరిటె చాలలేదు. మంచు ముక్కలు డబ్బా అంచుకూ గరిటెకూ మధ్య సందుల్లోంచి జారిపోయేవి. 1889లో కనెక్టికట్‌కు చెందిన చార్లెస్ లిండ్లీ దానికో ఉపాయం చెప్పాడు. చిల్లుల రేకు అంచు చుట్టూ తీగ స్ప్రింగు బిగిస్తే? డబ్బా మూతి వెడల్పుగా ఉన్నా, ఇరుగ్గా ఉన్నా స్ప్రింగు నొక్కుకుని అందులో ఒదిగిపోతుంది. సందు ఉండదు. తీగ చుట్ల మధ్య నుంచి ద్రవం దిగుతుంది, ముక్కలు ఆగిపోతాయి.

ఎంత చిన్న ఆలోచన! నూటముప్ఫై ఏళ్లు దాటినా ఇంతవరకూ దాన్ని తలదన్నేది రాలేదు. ఈ రకానికి ‘హాథోర్న్ స్ట్రెయినర్’ అని పేరు. నవలాకారుడు నథానియెల్ హాథోర్న్‌కూ దీనికీ సంబంధం లేదు. బోస్టన్‌లో హాథోర్న్ కేఫ్ అనే బార్ ఉండేది. తొలినాటి రేకుల మీద చిల్లులనే అక్షరాల వరసగా పేర్చి ఆ పేరు కనిపించేలా చేశారు. కేఫ్ పోయింది, పేరు మిగిలింది.

వాడే తీరు చూడాల్సిందే. రేకుకు రెండు చెవులుంటాయి, అవి డబ్బా అంచు మీద ఆనుకుంటాయి. చూపుడువేలు రేకు మీద ఉంటుంది. వేలితో ముందుకు తోస్తే సందు మూసుకుని సన్నటి ధార వస్తుంది. కాస్త వెనక్కి లాగితే సందు తెరుచుకుని ధార జోరందుకుంటుంది. కాలవ తలుపు ఎత్తినట్టూ దించినట్టూ అన్నమాట. స్ప్రింగుకు ఇంకో ఉపయోగమూ కనిపెట్టారు. గుడ్డు తెల్లసొన వేసే పానీయాలకు నురగ రావాలంటే, స్ప్రింగును రేకు నుంచి ఊడదీసి డబ్బాలో వేసి గిలక్కొడతారు. కవ్వం తిప్పినట్టే!

ఇవన్నీ ఎందుకు, మూతలోనే జల్లెడ పెట్టేస్తే పోలా అన్నవాళ్లూ ఉన్నారు. బ్రూక్లిన్‌కు చెందిన ఎడ్వర్డ్ హాక్ 1884లో అలాంటి మూడు భాగాల డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. జపాన్ బార్‌ టెండర్లకు ఇప్పటికీ అదే ప్రాణం.

నీళ్లే అసలు లెక్క

ఇంత హడావుడి మంచు ముక్కలు తీసేయడానికేనా? మంచు ఉంటే నష్టమేంటి?

అక్కడే ఉంది కిటుకు. ఒక గ్రాము మంచు కరగాలంటే 80 కేలరీల వేడి కావాలి. అంటే ఆ గ్రాము మంచు కరుగుతూ 80 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లబరచగలదు. పానీయం చల్లబడేది ప్రధానంగా ఈ కరగడం వల్లే. చల్లదనం కావాలంటే నీళ్లు కలవక తప్పదు. గట్టిగా గిలక్కొట్టిన పానీయంలో చివరికి నాలుగో వంతు దాకా కరిగిన మంచునీళ్లే ఉండొచ్చు. అది కల్తీ కాదు, వంటలో భాగమే. ఆ నీళ్లు కలవకపోతే ఘాటుకు గొంతు మండిపోతుంది.

అయితే అది ఎక్కడో ఒకచోట ఆగాలి. గ్లాసులోకి మంచు కూడా వెళ్తే అక్కడ కూడా కరుగుతూనే ఉంటుంది. అయిదు నిమిషాలకు రుచి పల్చబడుతుంది. వడగట్టి ఒంపిన క్షణాన ఆ లెక్క ఆగిపోతుంది. పప్పు ఉడికిందని చూసి పొయ్యి కట్టేయడం లాంటిదే ఇది కూడా. ఆలస్యమైతే రుచి పోతుంది, తొందరపడితే పచ్చివాసన. ఇంట్లో పిల్లలకు చేసే పుదీనా నిమ్మరసానికైనా ఇదే సూత్రం. మంచుతో బాగా గిలక్కొట్టి, వడగట్టి ఇస్తే చివరి గుక్క దాకా ఒకే రుచి.

రెండోసారి జల్లెడ

మూడో పనిముట్టు అందరి ఇళ్లలోనూ ఉంది. అదే టీ వడగట్టే జాలి! 1990ల్లో లండన్ బార్లలో తాజా పళ్లు, ఆకులు నలిపి వేసే పానీయాలు ఊపందుకున్నాయి. రాస్బెర్రీ గింజలు, పుదీనా నలుసులు స్ప్రింగును దాటి వచ్చేస్తుంటే, కింద సన్నటి జాలి పట్టి రెండోసారి వడగట్టడం అలవాటైంది. పై చేతిలో హాథోర్న్, కింది చేతిలో టీ జాలి. జాలి నిండిపోయి ధార ఆగితే అంచు మీద చిన్నగా తట్టాలి.

అందరూ దీన్ని ఒప్పుకోరు. పానీయం మీద తేలే సన్నటి మంచు తునకలు కొందరికి తప్పు, కొందరికి సొగసు. టోక్యోలోని గింజాలో కజువో ఉయెదా అనే బార్‌ టెండర్ ‘హార్డ్ షేక్’ అనే పద్ధతికి పేరుపొందాడు. ఆయన లెక్కలో ఆ తునకలు గ్లాసులోకి రావాలి, రాకుండా ఆపితే పని చెడినట్టే. పుడక అని ఒకరు తీసి పారేసేదాన్ని ఇంకొకరు పూజ చేసినట్టు నిలబెట్టుకుంటారు.

వడగట్టడంలో అన్నిటికన్నా ఓపిక కావాల్సింది మిల్క్ పంచ్‌కు. నిమ్మరసం కలిపిన పానీయంలో వేడి పాలు పోస్తారు. పనీర్ చేసేటప్పటిలాగే పాలు విరుగుతాయి. గుడ్డలో నెమ్మదిగా వడగడితే విరుగుతోపాటు రంగూ, వగరూ పైనే ఆగిపోయి, కింద తేటనీరులాంటి పానీయం దిగుతుంది. 1763లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన స్నేహితుడు జేమ్స్ బౌడిన్‌కు ఈ తయారీ విధానాన్ని ఉత్తరంలో రాసి పంపాడు. పిండితే పాడవుతుంది, దానంతటది దిగాలి. తొందర ఉన్నవాళ్ల పని కాదది.

జల్లెడలో ఆగిపోయిన చేతులు

ఇంత ఒడుపు, ఇంత ఓపిక కావాల్సిన పనికి చాలాకాలం ఆడవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. లండన్ సవాయ్ హోటల్లో ఏడా కోల్‌మన్ 1903 నుంచి రెండు దశాబ్దాలకు పైగా అమెరికన్ బార్‌ను నడిపిస్తే అదో వింతగా చెప్పుకున్నారు. అమెరికాలోని మిషిగన్‌లో బార్ యజమాని భార్యో, కూతురో అయితే తప్ప స్త్రీ ఆ పని చేయకూడదని చట్టం ఉండేది. 1948లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం సబబేనంది. కాలిఫోర్నియాలో అలాంటి నిషేధం 1971లో గానీ పోలేదు.

మన దేశం సంగతి? ఢిల్లీలో అప్పట్లో అమల్లో ఉన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం మద్యం అందించే చోట ఆడవాళ్లనూ, పాతికేళ్లు నిండని మగవాళ్లనూ పనిలో పెట్టుకోకూడదన్న నిబంధన ఉండేది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, పరీక్షల్లో కాక్‌టెయిల్ కలిపి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, ఉద్యోగంలో మాత్రం ఆ డబ్బా ముట్టుకోకూడదన్నమాట! 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లదని తేల్చింది. రక్షణ పేరుతో బతుకుతెరువు లాక్కోకూడదనీ, పనిచేసే చోట భద్రత కల్పించడమే ప్రభుత్వం చేయాల్సిన పనీ అన్నది ఆ తీర్పు సారాంశం. తొంభై ఏళ్లకు పైగా ఆ జల్లెడ ఆపింది పుడకల్ని కాదు... మనుషుల్ని.

ఏ జాలీ ఆపలేనిది

ఇన్ని రకాల స్ట్రెయినర్లు నిమ్మగింజను ఆపుతాయి. పుదీనా ఆకును, మంచు ముక్కను, విరిగిన పాలనూ ఆపుతాయి. ఆపలేనిది ఒక్కటే. అదే మద్యంలోని మత్తు. ఎంత సన్నటి జాలి పెట్టినా, ఎన్నిసార్లు వడగట్టినా అది ధారతోపాటు చల్లగా కిందికి దిగిపోతుంది. తాగడానికి తేలిగ్గా, తేటగా ఉన్న గ్లాసులో అది లేదనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. నిజానికి నలకలన్నీ పోయి నున్నగా దిగే పానీయమే ఇంకో గుక్కకు పిలుస్తుంది.

పేటపోలికి ఆ ఉత్తరం వచ్చింది 1632లో. అందులోని పంచ్‌కు ప్రాణం సారా. సరిగ్గా 360 ఏళ్లకు, 1992లో, అదే కోస్తాలోని నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద యుద్ధం ప్రకటించారు. అక్షరాస్యత తరగతుల్లో పలక పట్టిన చేతులే చీపుర్లు పట్టాయి. ఊళ్లు కదిలాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. మొగుడి కూలి డబ్బు, పిల్లల బువ్వ ఎటు జారిపోతున్నాయో వాళ్లకు తెలుసు. అన్ని జాలీలనూ దాటుకుని ఇంటిదాకా వచ్చేసినదాన్ని వాళ్లు ఇంటి గుమ్మం దగ్గర ఆపారు.

పనిముట్టుకు పాపం పుణ్యం లేవు. వెండి జల్లెడైనా, స్ప్రింగు రేకైనా, పానకం గుడ్డైనా తనకు చెప్పినదాన్నే ఆపుతుంది. నలక ఏదో, సారం ఏదో చెప్పాల్సింది పట్టుకున్న చెయ్యే. ధార ఎక్కడ ఆగాలో తెలిసిన వేలు ఆ రేకు మీద ఉన్నంతసేపే దాని విలువ.